వంటింటి గట్టు మీది చాయ్

నాలుగేళ్ల కిందట నా ఎడమ కాలు విరిగినప్పుడు నా భార్య చాయ్ మంచం దగ్గరికి తెచ్చేది కాదు. వంటింటి గట్టు మీద పెట్టి, "సల్లగయితుంది, నడ్సుకుంట వచ్చి తాగు!" అని గల్లీ అంతా వినబడేలా అరిచేది. తిట్టుకుంటూనే వెళ్లేవాణ్ని. అలా నెలన్నరలో చేతికర్ర వదిలేశాను.

ఆమె చనిపోయిన ఏడాదికే మాదన్నపేట మార్కెట్లో జారిపడి కుడికాలు విరగ్గొట్టుకున్నాను. మూడు నెలలైనా మంచం దిగలేదు. కోడలు చాయ్ చేతికే అందిస్తుంది. మొన్న విసుగొచ్చి, "గట్టు మీదనే పెట్టమ్మా, నేనే వస్త" అన్నాను. పెట్టింది. నేను మంచం మీదే కూర్చున్నాను. చివరికి కోడలే వచ్చి, "సల్లగయింది మామా, వేడి చేసి తేవాల్నా?" అని మెల్లగా అడిగింది.

ఈ ఇంట్లో ఒక్కరికీ అరవడం రాదు!