జాయింట్‌కు రెండు గజాల అవతల

ఆయన సంచిలో సైకిల్ ట్యూబు ముక్క ఎప్పుడూ ఉండేది. భూమిలో వేసే కరెంటు కేబుళ్లను అతకడం ఆయన పని. జాయింటర్ అనేవాళ్లం. కాంట్రాక్టు మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. కోసిన కేబుల్‌ను వదిలి టీకి లేచినా సరే, కొనకు ఆ ట్యూబు తొడిగి దారంతో బిగించిగానీ కదిలేవాడు కాదు. నేను ఆ పనికి ఇంజనీర్‌ను.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మహబూబాబాద్‌లో దవాఖానకు పదకొండు వేల వోల్టుల కేబుల్ వేస్తున్నాం. ఒక మధ్యాహ్నం ఆయన రాలేదు. నేనే దగ్గరుండి కేబుల్ కోయించాను. అంతలో ఊరేగింపు వచ్చింది. అందరం గుంత వదిలేసి అందులో కలిశాం. కొనకు ఏమైనా కట్టాలని గుర్తుంది. వెతకడానికి బద్ధకించాను. ఆ సాయంత్రం పట్టిన వాన మూడు రోజులు వదల్లేదు.

వారం తర్వాత పని మళ్లీ మొదలైంది. గుంత పక్కనే రోడ్డు మీద ఉద్యమకారుల వంటావార్పు జరుగుతోంది. జాయింటర్ కేబుల్ లోపలి గుడ్డ టేపు కొంచెం చింపి, చిన్న డబ్బా పట్టుకుని బజ్జీలు వేస్తున్న ఆమె దగ్గరికి పోయాడు.

"అక్కా, జర ఒక గంటెడు నూనె పొయ్యి."

"ఏందన్నా, వైరు బజ్జీలు ఏస్తవా?"

"తినేటోళ్లుంటే ఏస్త."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కాగిన నూనెలో టేపు ముక్క వేశాడు. చిటపటమంది. తడి ఉందో లేదో తెలుసుకోవడానికి, కాగితం చుట్టిన కేబుళ్లు అతికిన పాతకాలం జాయింటర్లు చేసే పరీక్ష అది.

"నీళ్లు దిగినయ్ సార్. ఇంక పది గజాలు కోసి అతుకుదం."

పది గజాలు కోస్తే కేబుల్ చాలదు. ఇంకో ముక్క తేవాలి. కొన ఎట్లా తడిసిందని పైవాళ్లు అడుగుతారు. ఆ మాట చెప్పకుండా ఆయనకు పాఠం చెప్పాను.

"గిది నీ పాత కాయితం కేబుల్ కాదన్నా. పాలిథిన్. నీళ్లు పీల్చదు."

మామూలు పాలిథిన్‌లో అణువులు పొడుగాటి దారాల్లా పక్కపక్కన పడి ఉంటాయి. వేడెక్కితే జారిపోతాయి. ఈ కేబుల్‌లో ఆ దారాలను అక్కడక్కడ అడ్డంగా ముడివేస్తారు, చేపల వలలాగా. అందుకే వేడికి కారిపోదు, నీటినీ దగ్గరికి రానివ్వదు. నేను చదివింది అదే, చెప్పిందీ అదే. ఎంత ముడివేసినా వలకు సందులుంటాయన్నది చెప్పలేదు. లోపలి తీగ పోగుల మధ్య తడి నిలిచి, ఏళ్ల తరబడి అధిక వోల్టేజీ ఉంటే, ఆ తడి సందుల్లోకి కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది. పైకి ఏమీ కనిపించదు.

"చదువుకున్నోళ్లు మీరు. అతకమంటే అతుకుత," అన్నాడు. "గని ఇది పాడైతే పోయేది నా పేరే సార్."

అతికాడు.

మూడేళ్లకు, రాష్ట్రం వచ్చాక, కేబుల్ పేలింది. దవాఖానకు ఒక పూట కరెంటు లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. తవ్వించి చూస్తే, జాయింట్‌కు రెండు గజాల అవతల వేలు పట్టేంత రంధ్రం. జాయింట్‌ను కదిలించే పనే పడలేదు. పాడైన ముక్క తీసి కొత్తది వేయించాను. రిపోర్టులో మాత్రం "జాయింట్ వద్ద లోపం" అని రాశాను. రాసి, సంతకం చేసి, అన్నం తిన్నాను.

తర్వాత ఆయన్ని ఎవరూ జాయింట్లకు పిలవలేదు. ఘనపూర్ దగ్గర సొంత ఊరికి పోయి రైతుల మోటర్లు బాగుచేసుకుంటున్నాడని విన్నాను. నాకు జనగామ బదిలీ అయింది. పాడైన కేబుల్ ముక్క బీరువాలో పెట్టుకుని వెంట తీసుకుపోయాను. ఎందుకో తెలియదు.

చాలా ఏళ్లకు ఒక శిక్షణ తరగతిలో, ఇలాంటి ముక్కను పలచగా కోసి నీలిరంగులో ఉడికిస్తే లోపలి తడిదారులు కనిపిస్తాయని చూపించారు. నా ముక్కతోనూ చేయించాను. పాల రంగు పాలిథిన్‌లో సన్నని నీలం చెట్లు, తీగ వైపు నుంచి బయటికి. చూస్తూ కూర్చున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.

అది పట్టుకుని ఆయన ఇంటికి పోయి జరిగిందంతా చెప్పాను. ఆయన ఆ ముక్కను వెలుగులో పెట్టి చూశాడు.

"మంచిగ కనవడుతున్నది. నాకెందుకు చూపెడుతున్నరు సార్? రాసినకాడ చూపెట్టుండ్రి."

మరుసటి వారం మహబూబాబాద్ ఆఫీసుకు పోయాను. తప్పు నాదని ఒక కాగితం రాసి, ఆ ముక్కను దానికి జతచేసి ఇచ్చాను. ఇంత పాత ఫైలు ఎవరు చూస్తారు సార్ అంటూనే గుమస్తా తీసుకున్నాడు. బయటికొచ్చి జాయింటర్‌కు ఫోన్ చేశాను.

"ఇచ్చిండ్రా సార్?"

"ఇచ్చినన్నా."

"మరి నా జాయింట్ ఎట్లున్నది?"

"మంచిగున్నది. ఇప్పటికీ దవాఖానకు దాంట్లకెల్లే కరెంటు పోతున్నది."



"సరే సార్. రైతు నిలవడ్డడు, మోటర్ ఇయ్యాలె," అని ఫోన్ పెట్టేశాడు.