కొలత తీయని చెక్కలు

శవపేటికలు చేసే ఆ వడ్రంగి ఒక్క పెట్టె కూడా ముందుగా చేసి ఉంచడు. "ప్రభువు పిలవకముందే మనకెందుకు తొందర?" అంటాడు. పెట్టె పూర్తయ్యాక తానే అందులో పడుకుని, పేడు ఏదైనా గుచ్చుకుంటుందేమో వీపుతో చూసుకుని, అందులోకి రాబోయే మనిషి కోసం ప్రార్థన చేసి లేస్తాడు. "వాళ్లు తిరిగొచ్చి చెప్పలేరుగా," అని నవ్వుతాడు. భార్య జ్వరంతో మంచం పట్టినప్పుడు బావమరిది వచ్చి, "బావా, అక్క మీద డాక్టరు ఆశ వదిలేశాడు. చెక్క చూసుకో," అన్నాడు. "మీ అక్కని దేవుడి చేతిలో పెట్టాను. ఆ పని చెయ్యను," అన్నాడు వడ్రంగి, కిటికీ చట్రానికి చెక్క కోస్తూనే. సాయంత్రం చూసుకుంటే బల్ల మీద చట్రం ముక్కలు లేవు. పెట్టెకి కావలసిన పలకలున్నాయి. కోసింది తన చేతులే. టేపు పెట్టి చూశాడు. సరిగ్గా భార్య పొడవు. చాలాసేపు మోకాళ్ల మీద ఉండి లేచి, ఆమె ఎండలో కూర్చోవడానికి ఆ పలకలతోనే బెంచీ చేశాడు.

నెల తిరిగేసరికి ఆమె కోలుకుంది. ఒక మధ్యాహ్నం ఆ బెంచీ మీద వెల్లకిలా పడుకుని, చేతులు రొమ్ము మీద పెట్టుకుని, కళ్లు మూసుకుంది. "కొలత తీసుకోలేదుగా, ఇంత బాగా ఎలా కుదిరింది?" అంది.

వడ్రంగి ఆమెను చెయ్యి పట్టుకుని లేపాడు. దేవుడికి దండం పెట్టుకుని, రంపం తెచ్చి, బెంచీని జానెడు కురచ చేశాడు.