పండరి అడిగిన షో

బీర్కూర్ పండరికి అరవై దాటాయి. చెరుకు వేసి, సొంత ట్రాక్టర్ మీద ఫ్యాక్టరీకి తోలుకుపోయే రైతు. గేటు బయట బండ్ల వరుస గంటల తరబడి కదలదు. ట్రాలీల నీడలో మూడుముక్కల పత్తాలాట నడుస్తుంది. పైసలుండవు, వరుసలో నంబరే పందెం. గెలిచినవాడు కోరితే ఓడినవాడు చోటు మార్చుకోవాలి. ఊరికే నంబరు అడగడం అక్కడ మర్యాద కాదు. ఎండుతున్న చెరుకు అందరి ట్రాలీల్లోనూ ఉంటుంది.

పండరి ఎదుటివాడి ముఖం చూడడు. "మొకం అబద్ధం చెప్తది. మనిషి ఇంతకుముందు ఎట్ల ఆడిండో గది యాదుంచుకోవాలె," అంటాడు.

మొన్న మాఘంలో అతని ఎదుట తండా మనిషి మోతీరాం కూర్చున్నాడు. మోతీరాం భార్య గౌరీబాయికి ఆ సాయంత్రమే బాన్సువాడ దవాఖానలో ఆపరేషన్. ఆలోపు చెరుకు దించి ఆమె దగ్గరికి చేరాలి. ఎవరికీ చెప్పలేదు. అతని బండి వరుస చివర ఉంది, పండరిది గేటు దగ్గర.

చివరికి ఇద్దరే మిగిలారు. మోతీరాం ఆఖర్లో పందెం పెంచడం చాలా అరుదు. పెంచాడంటే పెద్ద ముక్కలున్నట్టేనని అందరి లెక్క.

"పండరన్నా, ఇయ్యాల్టిదొక్కటే గాదు. గీ సీజన్ల నా నంబర్లన్నీ పెడుతున్న. నువ్వు గూడ పెట్టు, లేకుంటే ఇడువు."

పక్కనున్న శివప్రసాద్ ఈల వేశాడు. "ముక్కలు పడెయ్యి బావా! మోతన్న పెంచిండంటే ఇగ అయిపాయె. సీజనంత ఆయన ఎనకాల దుమ్ము తింటవా?"

పండరి చేతిలో పదుల జోడీ మాత్రమే ఉంది. తొందరపడలేదు. మోతీరాంకు నిజంగా ముక్కలు పడ్డప్పుడల్లా మొదట్నుంచీ ఒక్కో రోజు నంబరు చొప్పున పెంచి, ఎదుటివాణ్ని ఆటలోంచి లేవనిచ్చేవాడు కాదు. ఒక్కసారే ఇంత పెంపు మనిషిని వెళ్లగొట్టడానికే.

"పెట్టిన. షో."

మోతీరాం ముక్కలు తిప్పాడు. రాణి, ఏడు, నాలుగు. జోడీ కూడా లేదు.

శివప్రసాద్ పగలబడి నవ్వాడు. "గిదేందన్నా, ఏం జూస్కొని పెంచినవ్?"

"గౌరికి ఇయ్యాల ఆపరేషనుంది. పొద్దుగూకకముందే రమ్మన్నరు."

నవ్వు ఆగిపోయింది. చేతిలో ఏమీ లేదని పండరి సరిగ్గానే పట్టాడు. ఏమీ లేనివాడు అంత ఎందుకు పెంచాడన్నది మాత్రం ఆలోచించలేదు.

"ముందుగాలనే చెప్పొద్దారా?"

"అందరికి ఏదో ఒకటి ఉంటదన్నా."

"నా నంబరు తీస్కో."

"ఓడిపోయిన. ఓడి తీస్కుంటే రేపు నన్నెవడు ఆటల కూసోనిస్తడు?"

పండరి చెయ్యి చాపాడు. "అయితే తాళమియ్యి. నీ బండి నేను జరుపుత. రాత్రయినా, తెల్లారినా దించే పోత."

మోతీరాం జేబులోంచి తాళం తీశాడు. "క్లచ్ గట్టిగుంటదన్నా. పూర్తిగ తొక్కాలె."

"బండి తోలుడు నాకు చెప్తవా? అగో, బస్సొస్తుంది. ఉరుకు!"

తాళం చేతిలో పెట్టి మోతీరాం రోడ్డు మీదికి పరుగెత్తాడు. బస్సు ఆగింది, ఎక్కాడు.

అంతలో వరుస కదిలింది. పండరి తన బండి ముందుకు జరిపి దిగాడు. ఎండలో చివరిదాకా నడిచి వెళ్లి, మోతీరాం బండి కూడా జరిపాడు.