కడిగి ఇచ్చిన ఇంజన్

"చిప్ లైట్ వెలిగింది. దిగుతున్నాను."

రేడియోలో మా హెలికాప్టర్ నడుపుతున్న కెప్టెన్ గారి గొంతు మామూలుగానే ఉంది. కాసేపాగి "పవర్ పోయింది" అన్నారు. ఆ తర్వాత గరగర తప్ప ఏమీ వినపడలేదు.

చిప్ లైట్ అంటే ఇంజన్ ఆయిల్లో ఇనుపరజను చేరితే వెలిగే దీపం. లోపల బేరింగు ఏదో అరిగిపోతోందని అర్థం. ఆ రజను పట్టడానికి అడుగున చిన్న అయస్కాంతపు ప్లగ్గు ఉంటుంది. హెలికాప్టర్ కూలితే మాలాంటి టెక్నీషియన్లు ముందు వెతికేది దాన్నే; దానికి రజను ఉంటే తప్పు ఇంజన్‌దని అదే రుజువు.

తుఫాను తెరిపిచ్చిన మర్నాడు బందరులో దిగాం. చిన్న హెలికాప్టర్లు రెండు. మైదానం నిండా బురద, టార్పాలిన్ కింద మకాం. నాది గుడివాడ. సొంత జిల్లాలో డ్యూటీ పడడం అదొక్కసారే. దివిసీమలో రోడ్లు మునిగాయి. లంక ఊళ్లకు పులిహోర పొట్లాలు మోస్తున్నాం. ఇంజన్ చప్పుడు తేడాగా ఉందని కెప్టెన్ గారు ముందురోజే చెప్పారు. వేరే ఇంజన్ లేదు, వరద తీసేదాకా నడపమని పైనుంచి ఆర్డరు.

నాగాయలంక దిగువన, మడచెట్ల పక్క పాయలో పడింది కెప్టెన్ గారి హెలికాప్టర్. ఆయన నడుము విరిగింది, ప్రాణం దక్కింది. పడవలో ఒడ్డుకు చేర్చారు. రోడ్డు లేక మేం అక్కడికి వెళ్లేసరికి సాయంత్రమైంది. ఈలోగా సహాయానికి వచ్చిన గిలకలదిండి చేపల బోటువాళ్లు, సముద్రపు పోటుకు కొట్టుకుపోతుందని, ఊడిపడ్డ ఇంజన్‌ను తాళ్లేసి లాగారు.

బోటులో పట్టా పరిచి పెట్టారు. తళతళలాడుతోంది. డీజిల్ వాసన.

"ఉప్పునీళ్లలో పడ్డదాన్ని అలాగే వదిలేస్తే తెల్లారేసరికి తుప్పే కదండీ" అన్నాడు బోటు డ్రైవరు. వాళ్ల ఇంజన్ మునిగినా అంతేనట. ఆయిల్ వంచేసి, మంచినీళ్లతో కడిగి, డీజిల్ పోసి తిప్పుతారట. తాగడానికి దాచుకున్న నీళ్లే దీనికి వాడేశారు.

"అడుగున అయస్కాంతం ఉందండీ. దానికంతా నలుసులే. శుభ్రంగా తుడిచి బిగించేశాను."

"మీకొద్దంటే మా బోటుకి పెట్టుకుంటామండీ" అన్నాడు పక్కనున్నతను, నవ్వుతూ.

వాళ్లు ఇచ్చిన టీ తాగాను.

ఆస్పత్రిలో కెప్టెన్ గారు నన్ను అడిగింది ఒక్కటే.

"ప్లగ్గు దొరికిందా?"

"దొరికింది సార్."

"రజను?"

లేదన్నట్టు తలూపాను. ఆయన కళ్లు మూసుకున్నారు.

విచారణలో రేడియో మాటలు చెప్పాను. వైరు తడిసినా దీపం వెలుగుతుందన్నారు అధికారులు. బేరింగు ముందే అరిగిందో, పడ్డప్పుడు విరిగిందో తేల్చలేమన్నారు. పైలట్ మరీ కిందుగా ఎగిరి అదుపు తప్పి ఉండవచ్చని రాశారు. ఇంజన్ నడపమన్నవాళ్ల ఊసే లేదు. పాడైన బేరింగు నింద ఆ "ఉండవచ్చు"తో కెప్టెన్ గారి మీద పడింది.

రిటైరై గుడివాడ వచ్చేశాను. ఏ పనిలో ఉన్నా కళ్లముందు మెదిలేది, నూనె గుడ్డతో ఆ ప్లగ్గు తుడిచిన తీరు నాకు చేసి చూపిస్తున్న డ్రైవరు చేతులు. బందరులో కనిపించినప్పుడల్లా, కెప్టెన్ గారు మళ్లీ ఎగురుతున్నారా అని అడుగుతాడు. బాగున్నారని చెప్తాను.

ఆయన మళ్లీ ఎగరలేదు. నింద కొట్టేయమని పెట్టుకున్న అప్పీలుకు ఇంతవరకూ జవాబు రాలేదు.