మాట వెనక చప్పుడు

ఆర్మూర్ మార్కెట్ వెనక వీధిలో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము గరగరమంటోంది. పచ్చటి దుమ్ముకు గొంతు పట్టేస్తోంది. నిజామాబాద్ బస్సు ఇంకా రాలేదు. నిలబడలేక అటూ ఇటూ తిరుగుతున్నాను. ఎస్తేరు టీచరే ఉంటే నా చెయ్యి పట్టుకుని ఆపి, "ఇంకేం ఇనబడుతున్నది?" అని అడిగేవారు.

టీచర్ మా బడిలో తెలుగు చెప్పేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆదివారం ప్రార్థన ముగిశాక, కథలు రాయాలనుకునే ఆడపిల్లలను ఆ డ్రమ్ము పక్కనే ఉన్న తమ ఇంటి వరండాలో కూర్చోబెట్టేవారు. ఒకరు కథ చెప్పాలి, మిగతావాళ్లు కళ్లు మూసుకోవాలి. కథ అయ్యాక బాగుందనో బాగాలేదనో అనకూడదు. దాని వెనక ఏయే చప్పుళ్లు వినిపించాయో చెప్పాలి. నాకు ఒళ్లు మండేది. ఇంటి దగ్గర అమ్మ బీడీల చాట ముందేసుకుని ఒక్కతే తిప్పలు పడుతుంటే, ఇక్కడ కళ్లు మూసుకుని కూర్చోవడమేమిటి?

"కథ రాయమంటే రాస్త టీచర్. గీ చెవులు రిక్కించుడు నాతోని గాదు."

"రాసుడు తర్వాత. జర కుదురుగ కూసో పిల్లా. నీ కాళ్ల చప్పుడే అందరికీ ఇనబడుతున్నది," అన్నారు టీచర్.

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అయినా మళ్లీ ఆదివారం వెళ్లాను. దుబాయిలో ఉన్న మా నాన్న, బాపు, గురించి రాయాలని నాకు ఒకటే యావ. వచ్చే దసరాకు వస్తానంటూ ఆయన దసరాలు దాటిస్తున్నాడు. నా కథల్లో మాత్రం పెద్ద పెద్ద బిల్డింగుల మీద దర్జాగా పనిచేస్తుండేవాడు.

ఒక మధ్యాహ్నం ఎదురింటివాళ్ల ఫోనుకు చేశాడు. "డ్యూటీల ఉన్న బిడ్డా. మస్తు పని. ఫికర్ చెయ్యకుండ్రి."

ఎప్పటి మాటలే. ఫోను పెట్టేయబోతుంటే ఎందుకో కళ్లు మూతపడ్డాయి. ఆయన మాట వెనక ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఇనుప మంచం కదిలింది. ఎవరో గురక పెడుతున్నారు.

"బాపూ, డ్యూటీల గురక పెడుతరా?"

ఇనుప మంచం మళ్లీ కదిలింది. "పని బందై మస్తు దినాలైంది," అన్నాడు. "ఉత్త చేతులతోని ఏం మొఖం పెట్టుకొని రావాలె బిడ్డా?"

పక్కనే చెవి ఆనించి వింటున్న అమ్మ రిసీవర్ గుంజుకుంది. "గా మొఖమే చాలు మాకు. గదే పట్టుకొని రా," అంది.

బాపు వచ్చేశాడు. ఆ సంగతి, ఫోనులో మాటలతో సహా, చెప్పడానికి పరుగెత్తితే, టీచర్ నన్ను శభాష్ అనలేదు. "మరి మీ అమ్మ గట్ల అన్నప్పుడు ఏం ఇనబడ్డది?" అని అడిగారు. అమ్మ చేతి గాజులు గలగలా వణకడం నాకు అప్పుడు గుర్తొచ్చింది.

టీచర్ పోయి చాలా ఏళ్లయింది. నాకు కుదురు మాత్రం రాలేదు. నిజామాబాద్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నా కూతురు ఇందాక ఫోన్లో, "మంచిగనే ఉన్న మమ్మీ," అంది. నేను కళ్లు మూసుకుని విన్నాను. అంతమంది ఆడపిల్లలుండే చోట, సాయంత్రం పూట, ఆ మాట వెనక ఒక్క నవ్వు లేదు, ఒక్క గిన్నె చప్పుడు లేదు. తలుపులన్నీ మూసుకుని కూర్చున్నట్టుంది నా తల్లి.

అదిగో, బస్సు హారన్ వినిపిస్తోంది.