కిటికీకి ఎదురుగా కసరత్తు

వ్యాయామం చేసే యంత్రాలన్నీ తెచ్చి సరిగ్గా నా కిటికీకి ఎదురుగా బిగించారు. ఖమ్మంలో అంత పెద్ద పార్కులో ఇంకెక్కడా చోటు దొరకలేదు మున్సిపాలిటీ వాళ్ళకు.

పార్కును ఆనుకునే ఉంటుంది మా ఇల్లు. అరవై ఏళ్ళ కిందట ఒక ఇంజనీరు కొత్త పద్ధతిలో కట్టించుకున్నది. చదును స్లాబు, పొడుగాటి సజ్జా, సిమెంటు జాలీలు, మొజాయిక్ గచ్చు. అప్పటికి పార్కు లేదు, అంతా రేగుపొదలు. ముందుగదిలో గోడంతా కిటికీయే. ఆ తర్వాత, మాకంటే ముందు ఉన్నవాళ్ళు దాన్ని ఇటుకలతో పూడ్చేశారు. నేను బడికి పోయింది తక్కువ. పాత పత్రికల్లో బొమ్మలు చూసి ఇళ్ళ శాస్త్రం నేర్చుకున్నవాణ్ణి. ఊరుకుంటానా? నిరుడు మరమ్మతు పెట్టించి ఆ కిటికీ మళ్ళీ తెరిపించాను. నేల నుంచి కప్పు దాకా అద్దం. కాళ్ళు చాపుకుని చెట్లు చూస్తూ మిగిలిన కాలం గడపాలన్నదే నా ఆశ.

పని నడుస్తుండగా బోనకల్ నుంచి వచ్చిన మేస్త్రీ ఇంటిముందు దిష్టిబొమ్మ కట్టాడు. అద్దం బిగించగానే తీసెయ్యమన్నాను.

"పనయ్యేదాంక ఉండనియ్యి పెద్దాయనా, నలుగురి కండ్లు పడతయ్."

"ఇంత చక్కటి ఇంటికి ఆ కోరల మొహమేందయ్యా!" అని నేనే పీకి పారేశాను.

పని ముగిసిన నెలలోపే యంత్రాలొచ్చాయి. చెట్లు చూద్దామని కూర్చుంటే ఊగే పొట్టలు కనిపించేవి. వాళ్ళకు నేను కనిపించేవాణ్ణి, బనీనుతో, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో. దిష్టిబొమ్మ ఉద్యోగం నాకే వచ్చిందని అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒకాయన కాళ్ళు ఊపుతూనే కేకేశాడు: "తాతా, పేపర్ల ఏమున్నది ఇయ్యాల?" పరదా లాగేశాను. పరదా వేసుకునేదానికి ఇటుకలే నయం కదా అనిపించి మళ్ళీ తీశాను.

మున్సిపాలిటీ చుట్టూ తిరిగాను. ఎవరినడిగి పెట్టారంటే రేపు రమ్మనేవారు. ఇది నామీద ఎవరో పన్నిన కుట్రేనని రోజూ ఇంటికొచ్చి మా ఆవిడకు విడమరిచి చెప్పేవాణ్ణి. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ "అవ్, అవ్" అనేది.

చివరికి యంత్రాలు పెట్టించిన సూపర్‌వైజరే మా గేటు ముందు దొరికాడు. "ఎవర్నడిగి పెట్టినవయ్యా ఈడ?" అని నిలదీశాను.

"మీ ఇంట్ల అమ్మనే అడిగిన సార్. 'మా కిటికీకి ఎదురుంగనే పెట్టు నాయనా. రిపేరు పనోళ్ళు పోయినకాడి నుంచి మా ఆయనకు తిట్టేటందుకు మనుషులు దొరుకుతలేరు, పొద్దస్తమానం నన్నే తింటుండు' అన్నది."