నల్లపాడు గదిలోకి వచ్చిన తేమ

గాలి, ధూళి, దెయ్యం అని ఎవరైనా మొదలుపెడితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. ఇప్పుడు కూడా దెయ్యాలున్నాయని అనను. నాకు జరిగింది మాత్రం చెబుతాను.

గుంటూరు పక్కన నల్లపాడులో చిన్న గది అద్దెకు తీసుకుని ఐలాష్ ఎక్స్‌టెన్షన్లు, అంటే కనురెప్పలకు అతికించే వెంట్రుకలు, పెడుతుంటాను. మా ఆయన పోయాక నాకూ మా పాపకూ ఆ గదే ఆధారం.

మా పనిలో గాలి కుదరాలి. రెప్ప వెంట్రుకలకు వాడే గ్లూ పట్టాలంటే గాలిలో తేమ ఉండాలి. తేమ చాలకపోతే గ్లూ పచ్చిగానే ఉండిపోతుంది, దాని ఘాటుకి కళ్లు మండుతాయి. అలాగని నీళ్లు చల్లితే తెల్లగా గట్టిపడి ఊడొస్తుంది. అందుకే గోడకి తేమ ఎంతుందో చూపించే బ్యాటరీ మీటరు, మూలన తేమ వదిలే మిషను పెట్టుకున్నాను.

పోయిన ఎండాకాలం వడగాలికి అన్నీ తలకిందులయ్యాయి. నేను పెట్టినవి వచ్చినవాళ్లు ఇంటికెళ్లేలోపే రాలిపోయేవి. రోజూ ఫోన్లలో తిట్లు. గది ఖాళీ చేసేద్దామనే అనుకున్నాను.

అప్పుడే షాహీనాని తీసుకుని వాళ్లమ్మ వచ్చింది. ఆ సాయంత్రమే నిఖా. పెద్ద జ్వరం వచ్చి తగ్గాక ఆ పిల్లకి రెప్ప వెంట్రుకలు బాగా పల్చబడ్డాయి. అద్దం చూసుకోవడమే మానేసిందట. "నీ చేతిలో పెడుతున్నానమ్మా" అని వాళ్లమ్మ బయట వరండాలో తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఒక కన్ను పూర్తయింది. రెండో కన్ను మొదలుపెట్టగానే కరెంటు పోయింది. మిషను ఆగింది. పక్క దొడ్లో మిరపకాయలు తొడిమలు తీస్తున్నారు, కిటికీ తెరిస్తే ఆ కోరు, కళ్లు మండించే కారపు ఘాటు, లోపలికొస్తుంది. తలుపు గడియపెట్టి, కిటికీకి తడి తువ్వాళ్లు కట్టాను. చూస్తుండగానే అప్పడాల్లా ఎండిపోయాయి. మీటరులో అంకె పడిపోతూనే ఉంది. పెట్టిన వెంట్రుక పెట్టినట్టు జారిపోతోంది.

ఒక కన్ను నిండుగా, ఒక కన్ను బోసిగా పెళ్లికూతుర్ని పంపాలా? ఎవరూ వినకుండా ఏడ్చాను. కళ్ల మీద టేపుతో పడుకున్న షాహీనా, "అక్కా, ఊడిపోతున్నాయా?" అంది. లేదని అబద్ధం చెప్పాను.

కాసేపటికి గది చల్లబడింది. తడి నూలుబట్ట వాసన వచ్చింది. మీటరు చూస్తే పైకి ఎక్కుతోంది. వాన పడుతోందేమోనని కిటికీ సందులోంచి చూశాను. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇక ఆలోచించకుండా పని చేశాను. ఒక్క వెంట్రుక కూడా జారలేదు.

టేపు తీస్తుంటే షాహీనా అడిగింది. "ఆ పెద్దామె వెళ్లిపోయారా అక్కా?"

"ఏ పెద్దామె?"

"నా కాళ్ల మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నారుగా. ఎంత హాయిగా ఉందో."

లేచి తలుపు దగ్గరికెళ్లి చూశాను. లోపలి గడియ వేసింది వేసినట్టే ఉంది. కిటికీకి కట్టిన తువ్వాళ్లు ఎండి గట్టిపడి ఉన్నాయి. ఆ పిల్ల కాళ్ల కింద దుప్పటి మాత్రం పిండితే నీళ్లొచ్చేలా ఉంది. తలుపు తీసి వాళ్లమ్మని అడిగాను. "నేనిక్కడే ఉన్నా కదమ్మా, ఎవరూ రాలా" అంది.

ఆ గదిలో ఇదివరకు ఎవరైనా పెద్దామె ఉండేదా అని ఇంటి ఓనరు గారిని కూడా అడిగాను. "అది కట్టిందే రెండేళ్ల కిందటమ్మా, అద్దెకి దిగిన మొదటి మనిషివి నువ్వే" అన్నారు. మీటరు పాడైందేమోనని కొత్తది తెచ్చి పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకే అంకె చూపించాయి.

పెళ్లయిన మర్నాడు షాహీనా తమ్ముడితో మిఠాయి పంపింది. రెండు డబ్బాలు. ఒకటి నాకు, ఒకటి "ఆ పెద్దామెకి".

నాది మా పాప తినేసింది. రెండోది ఎవరికివ్వాలో తెలియక చేతుల్లో పట్టుకుని చాలాసేపు అలాగే గుమ్మంలో నిలబడ్డాను.